దోర్జి గారితో వాన పడని చోటు వెతుకుతూ

సింగపూర్ చూసొచ్చినవాళ్లు మా వీధిలో అరడజను మంది ఉన్నారు. ఘంటసాల చూసొచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. విజయవాడలో బస్సెక్కితే రెండున్నర గంటల దారి అది. ఈ జూన్ దాకా నేనూ వెళ్లలేదు కాబట్టి ఎవరినీ తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఇప్పుడు వెళ్లొచ్చాను కాబట్టి చెప్పే హక్కు మాత్రం వచ్చింది. తమాషా ఏమిటంటే, నా సొంత జిల్లాను నాకు తిప్పి చూపించింది భూటాన్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి.

విదేశీయుల కాగితాలు చూసే ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు గుమస్తాగిరీ చేసి రిటైరయ్యాను. నేను చూడని పాస్‌పోర్టు రంగు లేదు. నాకు మాత్రం పాస్‌పోర్టు లేదు. ఎవరైనా పరదేశి ఎదురైతే ఆయన పేరు కంటే ముందు ఆయన వీసా గడువు ఎప్పటిదాకా ఉందో తెలుసుకోవాలనిపిస్తుంది. రిటైరైనా ఈ జబ్బు తగ్గలేదు. ఈ ప్రయాణం ఆ జబ్బుతోనే మొదలైంది.

గవర్నర్‌పేట

సాయంత్రం ఐదింటికి ఫోనొచ్చింది. గవర్నర్‌పేటలో ఒక పాత లాడ్జి మేనేజరు సుబ్బారావు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఫారాలు తప్పుల తడకగా నింపి నా ప్రాణం తీసిన మనిషి.

“సార్, మీరు రిటైరయ్యారని తెలుసండి. అయినా ఒక్కసారి రావాలండి. ఒకాయన దిగాడు. ఫారినర్‌నంటున్నాడు. వీసా చూపించమంటే అక్కర్లేదంటున్నాడు. రూమివ్వమంటారా, స్టేషన్‌కి చెప్పమంటారా?”

“ఏ దేశమట?”

“భూటానంటండి. నేను మణిపూర్ అనుకున్నాను.”

చొక్కా వేసుకుని ఆటో ఎక్కాను. లాడ్జి మెట్ల కింద బల్ల మీద అరవై దాటిన మనిషి కూర్చుని ఉన్నాడు. గుండ్రటి ముఖం, పొట్టి జుట్టు, ఇస్త్రీ నలిగిన చొక్కా. ఒళ్లో ఒక గుడ్డసంచి, దాని మీద రెండు చేతులూ. పేరు దోర్జి. రెండు రాత్రుళ్లు రైల్లో కూర్చుని వచ్చారు. అప్పటికే మూడు లాడ్జిల వాళ్లు లేదు పొమ్మన్నారట. ఒకచోటైతే వాచ్‌మన్ పోస్టు ఖాళీ లేదని చెప్పి పంపారట. ఆయన రూము అడుగుతున్నాడని వాళ్లకు తట్టనే లేదు.

ఆయనా నేనూ హిందీలో మాట్లాడుకున్నాం. ఇద్దరిదీ సినిమాల హిందీయే కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

సుబ్బారావుకి కూర్చోబెట్టి చెప్పాను. మనకు చుట్టూ ఎన్ని దేశాలున్నా నేపాల్‌తో, భూటాన్‌తో ఉన్న చనువు వేరు. భూటానీయుడు సరిహద్దు గేటు దాటి మన దేశంలోకి నడిచి రావచ్చు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. మనం ఓటరు కార్డుతో వాళ్ల దేశం వెళ్లవచ్చు. వాళ్ల నోటుకూ మన రూపాయికీ ఒకటే విలువ. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే స్నేహ ఒప్పందం రాసుకున్నారు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కానీ ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క భూటానీయుణ్ణీ నేను చూడలేదు. ఎలా చూస్తాను? కాగితం అక్కర్లేనివాడు కాగితాల ఆఫీసుకి ఎందుకు వస్తాడు?

“అంటే ఈయన మనవాడే అనుకోమంటారా?” అన్నాడు సుబ్బారావు.

“కాదయ్యా. పరాయి దేశమే. గుమ్మంలో ఆపి అడగని పరాయి.”

సుబ్బారావు తల ఊపాడు గానీ రిజిస్టరు దగ్గర మళ్లీ ఆగాడు. “వీసా నంబరు గడి ఖాళీగా వదిలితే మా ఓనరు గారు ఊరుకోరండి.” నేను పెన్ను తీసుకుని ఆ గడిలో ‘స్నేహ ఒప్పందం’ అని రాశాను. ఎనిమిది వందల రూపాయల రూము తాళం చేతికొచ్చింది.

పైకి వెళ్లాక ఆయన సంచి మూతి విప్పి చూపించారు. లోపల పాత ఉన్ని గుడ్డలో వేలెడంత మట్టి స్తూపాలు, కొస తేలి, అడుగు గుండ్రంగా, వరసగా సర్ది ఉన్నాయి. వీటిని త్సాత్సాలంటారట. మనిషి పోయాక బూడిదను మట్టిలో కలిపి, అచ్చులో నొక్కి, ఎండబెట్టి, నూట ఎనిమిది చేస్తారు. కాల్చరు. వాన తగలని, ఎవరూ తొక్కని, ఎవరూ ఊడ్వని చోట పెట్టి వచ్చేస్తారు. అవి ఎప్పటికో వాటంతటవే మట్టయిపోతాయి.

“ఈమె చోడెన్. నా భార్య,” అన్నారు, సంచిలోని మనిషిని పరిచయం చేస్తున్నట్టే.

నలభై తొమ్మిదో రోజు లోపల పెట్టాలి. ఆ వేళకి నలభై ఆరు. అమరావతిలోనే పెట్టాలని ఆయన పట్టు. చాలా ఏళ్ల కిందట అమరావతిలో బౌద్ధుల కాలచక్ర ఉత్సవం జరిగినప్పుడు ఆవిడ ఊరి ఆడవాళ్లతో కలిసి వచ్చిందట. తిరిగి వెళ్లాక కూడా ఆ ఎండ, ఆ జనం, మట్టిగ్లాసులో ఇచ్చిన మజ్జిగ గురించే చెప్పేదట. ఆ సంవత్సరం నేను ఆఫీసులో ఉన్నాను. ఊపిరాడనంత పని. ఎన్నెన్నో దేశాల కాగితాలు చూశాను. చోడెన్ గారి ఊరివాళ్ల కాగితాలు నా బల్ల మీదికి రాలేదు కాబట్టి, వాళ్లు వచ్చి వెళ్లినట్టే నాకు తెలియదు.

“రేపు నేనూ వస్తాను,” అన్నాను. ఎందుకన్నానో అప్పుడు ఆలోచించలేదు.

అమరావతి

మహాస్తూపం అంటే ఆకాశాన్నంటే కట్టడం అనుకుని వెళ్లకండి. ఇప్పుడు మిగిలింది గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాతి పలకలు. దోర్జి గారికి అదేమీ తక్కువనిపించలేదు. చెప్పులు విడిచి, కాలే రాళ్ల మీద ఏడుసార్లు ప్రదక్షిణ చేశారు. నేను మూడో చుట్టులో నీడకు పారిపోయాను.

అక్కడి కాపలాదారు మంచివాడు. సంచి సంగతి చెబితే చేతులు జోడించాడు. “దణ్ణం పెట్టుకోండి, పూలు పెట్టుకోండి. ఇలాంటివి వదిలి వెళ్లడానికి మాత్రం లేదండి. తెల్లారితే ఊడుస్తారు. చీపురుకి ఏం తెలుస్తుందండి ఏది ఏమిటో? ఎత్తి బయట పోస్తారు. అది చూస్తే మీకే బాధ.”

ఆ ఒక్క మాటతో నాకు మన దేశం కొత్తగా కనబడింది. దోర్జి గారి ఊళ్లో కొండ చరియ కింద ఎక్కడ చూసినా ఇలాంటి చోట్లు ఉంటాయట. మనకు ఊడ్వని చోటేది? గుడి ముందు, ఇంటి ముందు, బడ్డీకొట్టు ముందు, చివరికి బస్టాండులో బస్సు కింద కూడా ఎవరో ఒకరు చీపురు ఆడిస్తూనే ఉంటారు. పోనీ విజయవాడ కొండలు చూద్దామా అంటే, పొద్దున బస్సులోంచి ఆయనే చూశారు. ప్రతి బండ మీదా ఒక ఇల్లో, ఒక గుడో, ఏదో పార్టీ నినాదమో ఉంది.

బయట బండి మీద పదిహేను రూపాయల మజ్జిగ తాగాం. దోర్జి గారు గ్లాసులో తేలుతున్న కరివేపాకు వేలితో తీసి చూశారు. “ఆకులుంటాయని చెప్పేది. నేను నమ్మలేదు,” అని ఇంకో గ్లాసు తీసుకున్నారు. రెండోది తాగలేదు. కాసేపు చేతిలో పట్టుకుని, బండి పక్కన మట్టిలో నెమ్మదిగా పోశారు. మజ్జిగ అమ్మే ఆమె అది చూసింది. ఆ గ్లాసుకు డబ్బులు తీసుకోలేదు.

కాపలాదారు వెనకనుంచి వచ్చి ఘంటసాల పేరు చెప్పాడు. అక్కడా స్తూపం ఉంది, జనం ఉండరు, అడిగి చూడమన్నాడు. ఇంకా రెండు రోజులుంది.

ఘంటసాల దారిలో

మర్నాడు బస్సు డెల్టాలోకి దిగాక దోర్జి గారు కిటికీ వదల్లేదు. కాలవలకు నీళ్లు కట్టేసిన రోజులు. దమ్ము చేయని నల్ల పొలాలు కనుచూపుమేర పడుకుని ఉన్నాయి. ఆయన చాలాసేపు చూసి, చిన్నపిల్లాడు అడిగే ప్రశ్న అడిగారు.

“ఇంత చదును నేల మీద ఎటు పోవాలో నీళ్లకెలా తెలుస్తుంది?”

అరవై రెండేళ్లుగా ఈ నీళ్లు తాగుతున్నాను, ఒక్కసారీ అడగలేదు. ఆయన అడగడంలో న్యాయం ఉంది. ఆయన ఉద్యోగమే నీళ్లతో. జలవిద్యుత్ ఆనకట్ట మీద ఇరవై ఆరేళ్లు గేట్లు ఎత్తడం, దించడం. “ఆనకట్ట కట్టింది మీవాళ్లు. నీళ్లు మావి. కరెంటు మీకు అమ్ముతాం. చలికాలం నది చిక్కిపోతే మళ్లీ మీ దగ్గరే కొంటాం,” అన్నారు.

“అంత చనువు ఇబ్బందిగా ఉండదా? మేం పెద్ద దేశం కదా,” అని అడిగాను.

“ఉంటుంది. ఏనుగు పక్కింట్లో ఉంటే మంచిదే. అది పక్కకు ఒత్తిగిల్లినప్పుడే చూసుకోవాలి,” అని నవ్వారు. నేనూ నవ్వాను గానీ కొంచెం ఆలస్యంగా.

పామర్రులో దిగి కొబ్బరిబొండాలు తాగినప్పుడు చిన్న గొడవైంది. ఆయన వంద నోటు ఇచ్చారు. కొట్టువాడు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. దాని మీద ఉన్నది గాంధీ గారు కాదు. “ఇదేం నోటండీ? పిల్లలు ఆడుకునేదా?” అన్నాడు. దోర్జి గారు నొచ్చుకోకుండా ఆ నోటు వెనక్కి తీసుకుని మన నోటు ఇచ్చారు. వాళ్ల ఊళ్లో మన రూపాయలు ఏ కొట్టువాడైనా తీసుకుంటాడట. నేను కొట్టువాడికి ఒప్పందం వివరించబోయాను. వాడు అప్పటికే ఇంకో బొండాం చెక్కుతున్నాడు.

ఘంటసాల స్తూపం అమరావతిదానికంటే ముచ్చటగా ఉంది. ఇటుకల దిబ్బ, చుట్టూ పచ్చగడ్డి, ఎవరూ లేరు. ఒక్క తోటమాలి తప్ప. అతని చేతిలో ఉన్నది చీపురే. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అడిగితే అతనూ అమరావతిలో విన్న మాటే చెప్పాడు. దోర్జి గారు సంచి మీద చెయ్యి వేసి, “రేపొక్క రోజు మిగిలింది,” అన్నారు. ఆ మాట హిందీలో కాదు, వాళ్ల భాషలో తనలో తను అనుకుని, తర్వాత నాకు చెప్పారు.

కూచిపూడి

రాత్రికి మా అక్క ఇంటికి తీసుకెళ్లాను. అక్క పేరు భారతి. కూచిపూడిలో నాట్యం నేర్చుకునే పిల్లలకు బట్టలు కుడుతుంది. రెండేళ్ల కిందట బావ పోయాడు. మిషను మాత్రం ఒక్క రోజూ ఆగలేదు. మేం వెళ్లేసరికి వరండా అంతా జరీ అంచులు, విసనకర్ర మడతల పట్టుముక్కలు. వీధి చివర ఎక్కడో తాళం కొడుతూ ఎవరికో అడుగులు నేర్పుతున్నారు.

అక్క భోజనానికి దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, వంకాయ కూర చేసింది. వడ్డించబోతే దోర్జి గారు అరచేత్తో నోరు మూసుకుని ఏదో అన్నారు.

“ఒరేయ్ ప్రసాదూ, ఈయనకి వాసన పడలేదురా,” అంది అక్క కంగారుగా.

కాదట. పెట్టగానే తీసుకుంటే వాళ్ల దగ్గర అమర్యాద. నోరు మూసుకుని రెండుసార్లు వద్దనాలి, మూడోసారి తీసుకోవాలి. ఇది చెప్పగానే అక్క ముఖం వికసించింది. మనమూ చేసేది అదే కదా, చెయ్యి అడ్డం పెట్టి. ఇక ఆయన వద్దనే కొద్దీ వేసింది. గోంగూరలో నాలుగు ఎండుమిరపకాయలు ఎక్కువ పడ్డాయని భయపడితే, ఆయన పచ్చిమిరపకాయలు అడిగి తీసుకుని కూరలా నంజుకు తిన్నారు. “మాకు మిరపకాయ కారం కోసం కాదు, అదే కూర,” అన్నారు. గుంటూరు మిరపకాయ తినే మా అక్కకు ఇది కొంచెం చిన్నతనంగా అనిపించినట్టుంది. రెండో పచ్చడి జాడీ తీసింది.

అంతదాకా బాగానే ఉంది. చేతులు కడుక్కున్నాక అక్క సంచి వంక చూసి అందులో ఏమిటని అడిగింది. నేను చెప్పాను. అక్క గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచింది.

“అస్థికలు ఇంట్లోకి తెస్తార్రా ఎవరైనా? బుద్ధి ఉందా నీకు? ఆయనకి తెలీదు సరే, నీకు తెలీదూ?”

తెలుసు. మనం అస్థికలు గడప దాటనివ్వం. చెట్టుకు కడతాం. మూడు దేశాల నిబంధనలు నోటికి చెప్పగలిగే నాకు, మా అక్క గడప నిబంధన ఆ సాయంత్రం గుర్తు రాలేదు. దోర్జి గారి దగ్గరికి వెళ్లి, సంచి భద్రంగా పెడతానని తీసుకున్నాను. పెరట్లో జామచెట్టు కొమ్మకు ఎత్తుగా కట్టాను. ఎందుకు కడుతున్నానో చెప్పలేదు. ఆయన కిందనుంచి చూసి తల వంచారు.

“ఎత్తున పెట్టారు. మంచిది,” అన్నారు.

పవిత్రమైనవి వాళ్లు ఎత్తున పెడతారట. మర్యాద చేశామనుకున్నారు. నేను సరిదిద్దలేదు.

కూలర్ మోతలో పడుకున్నాం. తెల్లవారి లేచేసరికి పెరడంతా తడి. ఎప్పుడు కురిసిందో గాలివాన, జామాకులు నేలంతా రాలి ఉన్నాయి. సంచి కొమ్మకు బరువుగా వేలాడుతోంది. దాని అడుగునుంచి ఇంకా చుక్కలు కారుతున్నాయి. కింద నేల మీద బూడిదరంగు మరక, పళ్లెమంత.

దోర్జి గారు నాకంటే ముందే లేచి అక్కడ నిలబడి ఉన్నారు. సంచి దించి విప్పారు. నూట ఎనిమిదిలో ఒక్కటీ లేదు. అంతా ఒకే ముద్ద. ఆయన ఏడవలేదు. ఆ ముద్ద మీద చెయ్యి పెట్టి కూర్చున్నారు. కాగితం మీద ఒక్క కొట్టివేత కూడా లేకుండా బతికిన మనిషిని, నా చేతులతో ఇంత పని చేశాను.

అక్క వచ్చింది. సంచినీ చూసింది, కింద మరకనూ చూసింది. చాలాసేపు ఆ మరకనే చూసింది.

“మీ బావవి ఈ కొమ్మకే కట్టాంరా. అప్పుడు వాన రాలేదు,” అంది.

తర్వాత లోపలికి వెళ్లి ఇత్తడి పళ్లెం, గరిట తెచ్చింది. జామచెట్టు కింద కూర్చుని, మరక పడిన మట్టినంతా అడుగుదాకా గీరి పళ్లేనికెత్తింది. తీసుకెళ్లి దోర్జి గారి ముందు పెట్టింది. “ఇదీ ఆవిడదే కదరా. ఇది కూడా కలపమను,” అంది నాతో.

ఆయన నడుముకు కట్టుకున్న గుడ్డలోంచి ఇత్తడి అచ్చు తీశారు. అది ఆయన దగ్గరే ఉండటం అదృష్టం. మట్టి మళ్లీ పిసికాం. ఆయన నొక్కుతుంటే నేను తీసి పెట్టాను. కాసేపటికి అక్క నన్ను పక్కకు జరగమంది. “నువ్వు కొసలు విరగ్గొడుతున్నావు,” అంది. ఇరవై ఏళ్లుగా పట్టు మడతలు పెట్టిన చేతులు ఆవిడవి. గుడ్డలు కత్తిరించే బల్ల ఎండలోకి లాగి, దాని మీద వరసలు పేర్చింది. మా నల్లమట్టి కలిసినందువల్ల పాతవాటికంటే ఇవి ముదురు రంగులో వచ్చాయి. నూట ఎనిమిదోది నొక్కాక పళ్లెంలో ఇంకేమీ మిగల్లేదు.

“ఆరాక ఎక్కడ పెడతారు?” అని అడిగింది అక్క.

చోటు దొరకలేదని చెప్పాను. ఎలాంటి చోటు కావాలో కూడా చెప్పాను.

“వాన పడకూడదు, తొక్కకూడదు, ఊడ్వకూడదు. అంతేనా? లాకుల వంతెన కిందికి వెళ్లలేదా మీరు?”

లాకులు

కూచిపూడికి నాలుగైదు కిలోమీటర్లలో, కాలవ నీళ్లు ఆపి వదిలే పాత లాకు ఉంది. పడవలు తిరిగిన కాలంలో కట్టిన రాతి గోడలు, పక్కన చిన్న కమాను వంతెన. కాపురానికి వచ్చిన కొత్తలో, కాలవ కట్టేసిన ఎండాకాలం, అక్క ఆ కమాను కిందినుంచి అడ్డదారిన నడిచి వెళ్లేదట. లోపలి గోడకు నీటిమట్టానికి బాగా పైన, జానెడు వెడల్పు రాతి అంచు ఉందని ఆవిడకు గుర్తుంది. అరవై అయిదేళ్ల మనిషికి ఇలాంటివి గుర్తుండటం నాకు ఆశ్చర్యం.

మధ్యాహ్నం రెండింటికి ఆటోలో వెళ్లాం. దోర్జి గారు తన దేశపు దుస్తులు వేసుకున్నారు. మోకాళ్లదాకా వచ్చే మందపాటి అంగీ, నడుముకు పటకా, పొడుగు మేజోళ్లు. జూన్ ఎండలో అది చూస్తేనే మాకు చెమట పట్టింది. త్సాత్సాలు ఆయన ఒళ్లో, అక్క ఇచ్చిన ఎర్రపట్టు ముక్కలో ఉన్నాయి.

లాకు దగ్గర టీవీఎస్ బండి దిగుతూ ఒకాయన ఎదురయ్యాడు. పేరు మస్తాన్, కాలవ తలుపులు ఎత్తి దించే లస్కర్. మేం కాలవలోకి దిగుతుంటే కేకేశాడు.

“ఏమండీ, ఎక్కడికండీ? ఇవాళ నీళ్లొదిలారండి. సాయంత్రానికి ఇక్కడుంటాయి. పైకి రండి!”

సంగతి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. “గవర్నమెంటు వంతెనండి. రేపెవరైనా అడిగితే నేనేం చెప్పాలి?” ఆ గొంతు నాకు బాగా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు నాదీ అదే గొంతు.

దోర్జి గారు ఆ మాటలు పట్టించుకోకుండా తలుపుల దగ్గరికి వెళ్లారు. ఇనుప చక్రం మీద చెయ్యి వేసి, పళ్లకు పెట్టిన గ్రీజు వేలితో తీసి చూశారు. ఎన్ని చుట్లు తిప్పితే తలుపు ఒక అడుగు లేస్తుందని అడిగారు. మస్తాన్‌కి హిందీ బాగా వచ్చు, చెప్పాడు. దోర్జి గారు తన గేట్ల సంగతి చెప్పారు. గేటు ఎత్తేముందు మూడుసార్లు సైరన్ మోగిస్తారట.

“మాకు సైరన్‌లెక్కడివండి, మూడు కేకలేస్తాం,” అన్నాడు మస్తాన్. తర్వాత అడిగాడు, “తలుపు ఎత్తాక కింద ఎవరైనా ఉండిపోయారేమోనని రాత్రి నిద్రపట్టదు కదండీ?”

“ఇరవై ఆరేళ్లు పట్టలేదు,” అన్నారు దోర్జి గారు.

మస్తాన్ బండి స్టాండు వేశాడు. “త్వరగా కానివ్వండి. నేను పైనుంచి నీళ్లు చూస్తుంటాను,” అన్నాడు. ఏ కాగితమూ అడగలేదు.

కమాను కింద చల్లగా ఉంది. అంచు అక్క చెప్పినచోటే ఉంది, పొడిగా, దుమ్ము పట్టి. ఎవరూ ఊడ్వలేదు. దోర్జి గారు ఒక్కొక్కటే పెడుతూ మంత్రం చదువుకున్నారు. నేను అందించాను. అక్క ప్రమిదలో నెయ్యి పోసి వత్తి వెలిగించింది, ఎవరూ అడగకుండానే. చివరిది పెట్టాక ముగ్గురం వంతెన మీదికి వచ్చి కూర్చున్నాం. అక్క మస్తాన్ గారితో మాటల్లో పడింది. నేనిక ఆగలేకపోయాను.

“దోర్జి గారూ, ఆ సంచి నేను మర్యాదకు ఎత్తున కట్టలేదు. మావాళ్లు అస్థికలు ఇంట్లోకి రానివ్వరు. అందుకు కట్టాను. మీకు అబద్ధం చెప్పినట్టే.”

“తెలుసు,” అన్నారు. “మీ అక్కగారు గుమ్మంలో నిలబడ్డప్పుడే తెలిసింది.”

“మరి మంచిది అన్నారే?”

“ఆవిడ అప్పుడే నాకు అన్నం పెట్టింది. రాత్రి ఆవిడ నిద్రపోవాలి కదా,” అన్నారు.

దేశాల మధ్య సంబంధాల గురించి నేను చాలా కాగితాలు చదివాను. ఇలాంటి వాక్యం ఎక్కడా కనబడలేదు. సిగ్గుపడ్డాను, సంతోషంగానూ ఉంది. రెండూ ఒకేసారి ఉండవచ్చని ఆ సాయంత్రం తెలిసింది.

కాసేపటికి ఎగువకు వెళ్లిన మస్తాన్ గారి కేక మూడుసార్లు వినబడింది. ముందు నురుగు, ఎండుటాకులు, ప్లాస్టిక్ సీసాలు వచ్చాయి, వెనక ఎర్రటి నీళ్లు. మొదట అటూ ఇటూ వెతుక్కుని, తర్వాత దారి పట్టాయి. దోర్జి గారు వంగి చూస్తూనే ఉన్నారు. నీళ్లు కమాను కిందికి వెళ్లి, అంచుకు రెండు మూరల దిగువనుంచే సాగిపోయాయి.

మర్నాడు ఆయన్ని రైలెక్కించాను. సుబ్బారావు రిజిస్టరులో ‘వెళ్లిన తేదీ’ గడి నింపి, వీసా గడి వైపు మాత్రం చూడలేదు.

ఇది రాస్తున్నది అక్టోబరులో. నిన్న వాయుగుండం వాన మొదలైంది. పొద్దున్నే అక్క ఫోను.

“ఒరేయ్, గాలి తూర్పునుంచి కొడుతోంది. జల్లు కమాను లోపలికి పోతుందేమోరా.”

“అక్కా, అవి కరగడానికే పెట్టారు. కరిగితే తప్పేం లేదని ఆయనే చెప్పారుగా.”

“నాకు తెలుసులే. నువ్వెప్పుడొస్తావు? మస్తాన్ గారిని తోడు రమ్మన్నాను. గొడుగు వేసుకుని నేనైతే వెళ్తున్నాను,” అని పెట్టేసింది.